విమాన చోదక వృత్తి: కొరత ఎక్కడ, అవకాశమెక్కడ?

ఉర్దూలో విమానం నడిపేవానిని 'హవాబాజ్' అంటారు. గాలితో చెలగాటమాడేవాడని ఆ మాటలోని ధ్వని. తెలుగులో వైమానికుడనీ, విమాన చోదకుడనీ పండితులు కల్పించుకొన్న పేర్లు నిఘంటువులలోనే ఉండిపోయాయి. జనం నోట నిలిచినది 'పైలట్' అన్న మాట ఒక్కటే. పేరు ఏదైనా, ఆ వృత్తి మీద మన విద్యార్థుల దృష్టి పడినది. "దేశంలో పైలట్లకు కొరత ఉన్నదట, ముప్పై వేలమంది కావాలట, మేమూ ఆ చదువు చదువవచ్చునా?" అని అడిగేవారు మన కళాశాలలో కనిపిస్తున్నారు. తెలుగు పాఠాలు చెప్పుకొనేవానికి విమానాల ఊసు దేనికని మిత్రులు నవ్వవచ్చు. కాని ఆ ప్రశ్న వెనుక ఒక కుటుంబపు పొలమో, ఇల్లో తాకట్టుకు పోయే ప్రమాదం ఉన్నప్పుడు, తెలిసినంత మేరకు చెప్పడం ఏ అధ్యాపకునికైనా ధర్మమే.

మొదట కొరత సంగతి. అది కల్పన కాదు. 2023 ఫిబ్రవరిలో ఎయిర్ ఇండియా 470 విమానాలకు, ఆ సంవత్సరమే జూన్‌లో ఇండిగో 500 విమానాలకు, 2024 జనవరిలో ఆకాశ సంస్థ 150 విమానాలకు ఆర్డర్లు ఇచ్చాయి. ప్రయాణికుల విమానంలో ముందు గదిలో కూర్చునేవారు ఇద్దరే అయినా, ఒక విమానానికి ఇద్దరు చోదకులు చాలరు. విమానం రోజుకు పలుమార్లు ఎగురుతుంది. మనిషి మాత్రం అలసిపోతాడు. ఒక చోదకుడు ఎన్ని గంటలు నడపవచ్చునో, ఎన్ని గంటలు విశ్రమించవలెనో చట్టమే నిర్ణయిస్తుంది. అందువల్ల ఒక్కొక్క విమానానికి పదిమందికి పైగా కావలసి వస్తారు. రానున్న పదిహేను, ఇరవై ఏండ్లలో దేశానికి 30,000 మంది పైలట్లు అవసరమని కేంద్ర పౌర విమానయాన శాఖ అంచనా. 2024 జూన్‌లో ఆ శాఖ బాధ్యతను స్వీకరించిన శ్రీకాకుళం పార్లమెంటు సభ్యులు కింజరాపు రామమోహన్ నాయుడు గారు ఈ సంఖ్యను పలుమార్లు ప్రస్తావించారు.

కొరత ఎంతటిదో 2025 డిసెంబరులో దేశమంతా కళ్లారా చూసింది. ఆ సంవత్సరం చోదకుల విశ్రాంతి నిబంధనలు రెండు విడతలుగా కఠినతరమైనాయి. వారపు విశ్రాంతి 36 గంటల నుండి 48 గంటలకు పెరిగింది; రాత్రివేళ ఒక చోదకుడు ఎన్నిసార్లు విమానాన్ని దింపవచ్చునన్న పరిమితి తగ్గింది. నవంబరు 1న రెండవ విడత అమలులోనికి వచ్చింది. నెల గడిచేసరికి ఇండిగో సంస్థ తన పట్టికకు సరిపడిన చోదకులను సమకూర్చుకొనలేక వేలకొలది విమానాలను రద్దు చేసుకొనవలసి వచ్చింది. డిసెంబరు 5న ఒక్కనాడే రద్దయినవి వేయికి పైబడినాయి. విమానాశ్రయాలలో పెట్టెల మీద తలలు వాల్చుకొని నిద్రించిన ప్రయాణికుల చిత్రాలు పత్రికలలో మీరూ చూచి ఉంటారు.

ఇక రెండవ ముఖం. 2023లో మన దేశంలో 1,622 మందికి, 2024లో 1,300 మందికి పైగా వాణిజ్య పైలట్ లైసెన్సులు లభించాయి. వీరందరికీ వెంటనే కొలువులు దొరకలేదు. లైసెన్సు చేతబట్టుకొని ఏండ్ల తరబడి ఎదురుచూచే యువకులు నేటికీ ఉన్నారు. ఒకవైపు కొరత, మరొకవైపు నిరుద్యోగం: ఇది ఎట్లా పొసగుతుంది?

పొసగుతుంది. సంస్థలకు ప్రధానంగా కొరతగా ఉన్నది కెప్టెన్లకు, అనగా విమానానికి సర్వాధికారులై ఎడమవైపు కూర్చునే అనుభవజ్ఞులకు. ఆ స్థానానికి కావలసిన ఉన్నత లైసెన్సుకు కనీసం 1,500 గంటల ఆకాశయాన అనుభవం ఉండాలి. కొత్తగా శిక్షణ ముగించినవానికి ఉండేది 200 గంటలు. అరక కట్టుటకు ఎద్దుల జత కోసం సంతకు పోయిన రైతుకు దూడలే కనిపించినట్లున్నది ఈ వ్యవహారం. దూడ ఎద్దు కావలెనంటే దానిని ఎవరో కొన్నేండ్లు మేపవలె. ఆ మేపు ఖర్చును సంస్థలు సాధ్యమైనంత వరకు దూడ తల్లిదండ్రుల మీదనే వేస్తాయి. పైగా సంస్థలే శాశ్వతం కావు. కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో, గో ఫస్ట్ 2023 మేలో విమానాలను నిలిపివేశాయి. అట్టి ప్రతిసారీ వేల గంటల అనుభవం ఉన్నవారు వీధిన పడి, కొత్తవారికి రావలసిన స్థానాలకు పోటీగా నిలిచారు. కనుక 'కొరత ఉన్నది' అన్న ఒక్క మాట విని పొలం బేరం పెట్టరాదు. ఆ మాటను పదేపదే వినిపించేవారిలో శిక్షణ రుసుము వసూలు చేసేవారే ఎక్కువ అన్న సంగతి కూడా గుర్తుంచుకొనవలె.

ఇంతమాత్రాన ఇది మనకు అందని ద్రాక్ష అనుకోనక్కర లేదు. విమానం మన ప్రాంతానికి కొత్త కాదు. పెద్దవంగర నుండి తొర్రూరు, రాయపర్తి, వర్ధన్నపేటల మీదుగా వరంగల్లుకు పోయే బస్సు మామునూరు దాటుతుంది. అక్కడ నిజాం కాలంలో, 1930 ప్రాంతంలో వెలసిన విమానాశ్రయం 1981 దాకా పనిచేసింది. ఆ పిదప దశాబ్దాల పాటు ఆ నేల మౌనం వహించింది. 2025 ఫిబ్రవరిలో దాని పునరుద్ధరణకు కేంద్ర ప్రభుత్వం ఆమోదం తెలిపింది. హైదరాబాదులో 1945లో నిజాం ప్రభుత్వ భాగస్వామ్యంతో ఏర్పడిన డెక్కన్ ఎయిర్‌వేస్ 1953 జాతీయీకరణలో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో విలీనమైనది. ఆ సంస్థ చేసిన ఒక పని చెప్పుకొనదగినది. 1947లో వాణిజ్య లైసెన్సు పొందిన ప్రేమ్ మాథుర్ అనే మహిళను, స్త్రీ విమానం నడిపితే ప్రయాణికులు ఎక్కరని ఇతర సంస్థలు తిరస్కరించగా, ఉద్యోగమిచ్చి ఆదరించినది డెక్కన్ ఎయిర్‌వేసే. మన దేశపు తొలి మహిళా వాణిజ్య పైలట్‌కు రెక్కలు దొరికినది హైదరాబాదులోనన్నమాట.

అదే నగరంలో, పాతబస్తీలో, మన కాలపు ఉదాహరణ ఒకటి ఉన్నది. సయ్యదా సల్వా ఫాతిమా ఒక బేకరీ కార్మికుని కుమార్తె. ఇంటర్మీడియట్ అనంతరం ఎంసెట్ శిక్షణ పొందుతున్న దినాలలో పైలట్ కావాలన్న కోరికను వెల్లడించగా, సియాసత్ ఉర్దూ దినపత్రిక సంపాదకులు జాహిద్ అలీఖాన్ గారు పూనుకొని, 2007లో బేగంపేటలోని ఆంధ్రప్రదేశ్ ఏవియేషన్ అకాడమీలో ఆమె చేరికకు తోడ్పడ్డారు. 2013లో ఆమెకు వాణిజ్య లైసెన్సు లభించింది. పత్రికలు ఆమె చిత్రాన్ని ప్రకటించి అభినందించాయి. చాలామందికి తెలిసిన కథ ఇంతవరకే. మన విద్యార్థులు చదువవలసినది దీని తరువాతి భాగం. రెండు ఇంజన్ల విమానంపై శిక్షణ, పెద్ద విమానానికి అర్హతనిచ్చే 'టైప్ రేటింగ్' లేనిదే ఏ సంస్థా ఆమెను తీసుకొనదు. వాటికి లక్షల రూపాయలు కావలె. 2015లో తెలంగాణ ప్రభుత్వం సుమారు 36 లక్షల రూపాయలు మంజూరు చేసినది. దానితో మిగిలిన శిక్షణలు విదేశాలలో పూర్తిచేసి, ఎయిర్‌బస్ 320 విమానానికి అర్హత సంపాదించి, ఆమె ఇండిగోలో ఫస్ట్ ఆఫీసర్‌గా చేరింది. 2007లో మొదటి అడుగు వేసిన అమ్మాయికి, దాతలూ ప్రభుత్వమూ చేయూతనిచ్చినప్పటికీ, ఉద్యోగం చేరుసరికి ఏండ్లకు ఏండ్లు పట్టింది. ఆమె పట్టుదల ఎంత గొప్పదో ఆ నడుమ వచ్చిన విరామాలు చెబుతాయి. ఆ విరామాలకు కారణం ప్రతిభ కొరవడడం కాదు, ధనం కొరవడడం.

ఇప్పుడు మార్గం సంగతి చూద్దాము. మన దేశంలో లైసెన్సులు ఇచ్చేది పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, డి.జి.సి.ఏ. అని వ్యవహారం. పదునారేండ్లకు విద్యార్థి పైలట్ లైసెన్సు, పదునెనిమిదేండ్లకు వాణిజ్య లైసెన్సు పొందవచ్చు. ఇంటర్మీడియట్‌లో భౌతిక, గణిత శాస్త్రాలు ఉండాలన్నది 1990 దశకం నుండి సాగుతున్న నియమం. 2025లో ఆర్ట్స్, కామర్స్ విద్యార్థులకు కూడా తలుపు తీయాలన్న ప్రతిపాదన వచ్చింది గాని, దానిని నమ్ముకొని గణితాన్ని విడిచిపెట్టడం వివేకం కాదు. బైపీసీ, సీఈసీ చదివినవారు నిరాశపడనక్కర లేదు. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా కొరవడిన సబ్జెక్టులను విడిగా రాసి ఉత్తీర్ణులు కావచ్చు.

అన్నిటికన్న ముందు చేయించుకొనవలసినది వైద్యపరీక్ష. ఈ మాట గట్టిగా చెబుతున్నాను. చాలామంది మొదట రుసుము కట్టి, చివర డాక్టరు దగ్గరకు పోతారు. జరగవలసినది దీనికి తలక్రిందులు. డి.జి.సి.ఏ. గుర్తించిన వైద్యుని వద్ద రెండవ తరగతి పరీక్ష, ఆ పైన మొదటి తరగతి పరీక్ష ఉంటాయి. వాణిజ్య పైలట్‌కు మొదటి తరగతి ధ్రువపత్రం తప్పనిసరి. కళ్లద్దాలు ఉన్నంత మాత్రాన అనర్హులు కారు. అద్దాలతో చూపు పూర్తిగా సరిపడితే చాలును. కాని ఎరుపు, ఆకుపచ్చ వర్ణాల భేదం తెలియని కన్ను ఈ వృత్తికి పనికిరాదు. ఈ లోపం పుట్టుకతో వచ్చేది, ఆడవారిలో కన్న మగవారిలో ఎక్కువ; ఉన్నదని ఉన్నవానికే తెలియదు. లక్షలు కట్టిన పిదప తెలిసిన ఇంటి దుఃఖాన్ని ఊహించుకొనండి.

తరువాత రాతపరీక్షలు. నౌకాయానం నుండి పేరు తెచ్చుకొన్న నావిగేషన్, వాతావరణ శాస్త్రం, వైమానిక నిబంధనలు, విమాన సాంకేతిక విషయాలు, వీటితోపాటు రేడియో సంభాషణకు వేరుగా ఒక పరీక్ష. ఉత్తీర్ణతకు నూటికి 70 మార్కులు రావాలి. మన పరీక్షల 35 మార్కులకు అలవాటుపడినవారు ఈ సంఖ్యను గోడమీద రాసుకొనడం మంచిది! వీటికి ఇంటి వద్ద చదువుకొనవచ్చు; విమానం ఎక్కకముందే వీలైనన్ని రాసి ముగించుకొన్నవానికి కాలమూ ధనమూ కలిసివస్తాయి. గంటకు వేల రూపాయలు పోసి విమానం ఎగురవేసే రోజులలో పుస్తకం మొదటి పుట తెరవడం కన్న దుబారా మరొకటి లేదు.

గణితం ఎందుకని అడిగేవారికి ఒక చిన్న లెక్క. వైమానికులు '60కి 1' అనే సూత్రం వాడతారు. దిక్కులో ఒక్క డిగ్రీ పొరపాటు జరిగితే ప్రతి 60 మైళ్లకు ఒక మైలు పక్కకు పోతామని దాని అర్థం. హైదరాబాదు నుండి విజయవాడ ఆకాశమార్గాన సుమారు 250 కిలోమీటర్లు. ఒక డిగ్రీ తప్పితే చేరేసరికి నాలుగు కిలోమీటర్ల ఎడంగా ఉంటాము. ఐదు డిగ్రీలు తప్పితే ఇరవై కిలోమీటర్లు! ప్రక్కగాలి వీస్తున్నప్పుడు ఎంత మేరకు ముక్కు తిప్పిపెట్టవలెనో త్రిభుజం గీసి లెక్క కట్టాలి. భౌతికశాస్త్రం సంగతీ అంతే. మన మే నెల ఎండలకు గాలి వ్యాకోచించి పలుచనవుతుంది. పలుచని గాలిలో రెక్కకు ఊతం తక్కువ, ఇంజనుకు బలం తక్కువ. తెల్లవారుజామున చాలిన రన్‌వే మధ్యాహ్నానికి చాలకపోవచ్చు. పదవ తరగతిలో బట్టీపట్టిన వాయు నియమాలే ఇక్కడ ప్రాణాలు కాపాడుతాయి.

ఇక ఆకాశంలో గడుపవలసిన 200 గంటలు. అందులో 100 గంటలు విమానానికి తానే బాధ్యుడై నడపాలి. కనీసం ఒకసారి 300 నాటికల్ మైళ్లు, అనగా 555 కిలోమీటర్ల దూరయానం చేసి, నడుమ వేరు వేరు విమానాశ్రయాలలో రెండుచోట్ల దిగాలి. రాత్రివేళ ఐదు గంటల యానం, పది మార్లు ఎగురుట, పది మార్లు దిగుట ఉండాలి. వర్షాకాలం అడ్డు వస్తుంది, విమానాలు మరమ్మతులో పడతాయి, బోధకులు చాలరు. ఏడాదిన్నరలో ముగుస్తుందని ప్రకటనలు చెప్పే శిక్షణ కొన్నిచోట్ల మూడేండ్లు లాగుతుంది. 2025లో డి.జి.సి.ఏ. తొలిసారిగా శిక్షణ సంస్థలకు శ్రేణులు ప్రకటించగా అగ్రశ్రేణిలో ఒక్కటీ నిలువలేదు. చేరబోయే ముందు ఆ పట్టిక చూడడం, ఎన్ని విమానాలు నడుస్తున్నవో స్వయంగా వెళ్లి లెక్కించడం, రుసుము మొత్తం ఒకేసారి కట్టకుండా వాయిదాలు కోరడం అవసరం. ప్రభుత్వ రంగంలో ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్ వద్ద 1985లో నెలకొల్పిన ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ ప్రసిద్ధమైనది. అందులో ప్రవేశపరీక్ష ద్వారా ఎంపిక జరుగుతుంది.

ఉర్దూ, తెలుగు మాధ్యమాల విద్యార్థులను భయపెట్టేది ఇంగ్లీషు. ఇది నా రంగానికి కొంత చేరువ కనుక రెండు మాటలు. అంతర్జాతీయ ప్రమాణంలో ఆరు స్థాయిలు ఉండగా పైలట్‌కు కావలసినది నాలుగవ స్థాయి. అది అలంకారాల భాష కాదు, ఉచ్చారణలో పట్నపు పోకడలు అక్కరలేదు. అర్థంలో సందిగ్ధత లేకపోవడమే అక్కడి శైలి. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫె ద్వీపంలో మంచు కమ్మిన రన్‌వే మీద రెండు పెద్ద విమానాలు ఢీకొని 583 మంది మరణించారు. అనుమతి రాకముందే ఒక విమానం బయలుదేరింది. "ఎగురుతున్నాము" అన్న భావంతో ఆ చోదకులు పలికిన మాట, "ఎగరడానికి సిద్ధంగా ఉన్నాము" అని నియంత్రణ గదిలో అర్థమైనది. ఆ తరువాత 'టేకాఫ్' అన్న పదాన్ని అసలు అనుమతి ఇచ్చేటప్పుడు, లేదా రద్దు చేసేటప్పుడు తప్ప వాడరాదని కట్టుదిట్టం చేశారు. వ్యాకరణ తరగతిలో అర్థభేదం చెప్పినప్పుడు కునికే మిత్రులకు ఈ ఉదంతం అంకితం.

చివరిది, కీలకమైనది ధనం. లైసెన్సు వరకు సుమారు 45 నుండి 60 లక్షలు, ఆ మీద టైప్ రేటింగ్‌కు 12 నుండి 20 లక్షల వరకు అవుతుంది. విమాన సంస్థలే నడిపే కేడెట్ పథకాలలో ఖర్చు కోటి దాటుతుంది, కాని అక్కడ ఉద్యోగానికి దారి కొంత స్పష్టంగా ఉంటుంది. విద్యారుణం ఏడున్నర లక్షలు మించితే బ్యాంకులు ఆస్తి హామీ అడుగుతాయి. జాతీయ మైనారిటీల అభివృద్ధి, ఆర్థిక సంస్థ విద్యారుణాలు ఇస్తుంది. అది మొత్తంలో ఒక భాగానికే వస్తుంది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు కేంద్ర ఉపకారవేతన పథకాలలో వాణిజ్య పైలట్ శిక్షణకు చోటు ఉన్నది; మన గిరిజన తండాల విద్యార్థులు దీనిని విచారించవలె. నా అభిప్రాయం ఒకటే: టైప్ రేటింగ్‌కు సొమ్ము ఎక్కడినుండి వస్తుందో కాగితం మీద తేలనంత వరకు మొదటి గంట విమానం ఎక్కరాదు. సగం దారిలో సొమ్ము నిలిచిపోయినవాని లైసెన్సు నిద్రపోదు. దానికి ఏటేటా వైద్యపరీక్ష, నవీకరణ, మళ్లీ ఎగరడం, మళ్లీ ఖర్చు.

పైసా ఖర్చు లేని దారి ఒకటి ఉన్నది. అది భారత వైమానిక దళం. ఇంటర్మీడియట్‌లో భౌతిక, రసాయన, గణిత శాస్త్రాలు చదివినవారు ఎన్.డి.ఏ. పరీక్ష రాయవచ్చు. 2022లో బాలికలకు అందులో ప్రవేశం లభించి, 2025 మేలో మొదటి 17 మంది మహిళలు పట్టభద్రులై వెలువడ్డారు. డిగ్రీ వారికి ఎఫ్‌క్యాట్ పరీక్ష ఉన్నది. శిక్షణ ఇచ్చే వైమానిక దళ అకాడమీ హైదరాబాదు చెంత దుండిగల్‌లోనే ఉన్నది. పోటీ తీవ్రం, నిజమే. కాని ఓడినా పొలం మిగులుతుంది. విమానాన్ని ప్రేమించి రెక్కలు దొరకనివారికి నియంత్రణ గది ఉన్నది: భౌతిక, గణిత శాస్త్రాలతో బి.ఎస్సీ. ముగించినవారు విమానాశ్రయాల ప్రాధికార సంస్థ నిర్వహించే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ ఉద్యోగ పరీక్షకు అర్హులు.

కళాశాల కమిటీ వారికి ఒక మనవి. వర్ణాంధత్వాన్ని కనిపెట్టే ఇషిహారా చిత్రపటాల పుస్తకం కంటివైద్యుల వద్ద ఉంటుంది. రంగు చుక్కల నడుమ దాగిన అంకెను చదివించే పరీక్ష ఒక్కొక్కరికి రెండు నిమిషాలు పట్టదు. ఏటా ఇంటర్మీడియట్ ప్రవేశాలకు ముందు ఒక వైద్యుని పిలిపించి, కొత్త విద్యార్థులందరికీ దీనిని జరిపిస్తే బాగుంటుంది. పైలట్ కాగోరేవారు ఇద్దరో ముగ్గురో ఉండవచ్చు. కాని రైలింజను నడిపే ఉద్యోగానికి, సైన్యంలో పలు కొలువులకు ఇదే పరీక్ష అడ్డం నిలుస్తుంది. ఫలితం చేతికి వచ్చిన పిదపనే ఎంపీసీయా, మరొకటా అని తల్లిదండ్రులతో కూర్చుండి నిర్ణయించవచ్చును.